దోతి నావ, మా పుట్టి

మా ఆయన ఒంటికి రెండు చదువులు ఎక్కాయి. రెండూ దెబ్బలతోనే ఎక్కాయి. మొదటిది వాళ్లమ్మ తెడ్డుతో చెప్పింది. రెండోది ఇంజనీరు సాబ్ తాడు కొసతో చెప్పాడు.

నేను అక్షరాలు దిద్దింది మనవలు పుట్టాక. అందంగా రాయడం నాకు చేతకాదు. చూసింది చూసినట్టు రాస్తాను, నచ్చకపోతే పక్కన పెట్టండి.

మేం చేపలు పట్టేవాళ్లం. మంజీరకు కట్ట కట్టి నీళ్లు నిలిపినప్పుడు మా అత్తగారి ఊరు మునిగిపోయింది. నేను కాపురానికి వచ్చేసరికి ఊరు నీళ్ల కింద ఉంది, మనుషులు గట్టు మీద గుడిసెల్లో ఉన్నారు. కల్హేర్ వైపు గట్టు అది. ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని పొద్దున బయలుదేరితే ఎండ ముదిరేసరికి నారాయణఖేడ్ అంగడికి చేరేవాళ్లం. అప్పట్లో ఖేడ్ బీదర్ జిల్లాలో ఉండేది. నిజాం రాజ్యం.

మునిగిన ఊళ్లో మట్టి గోడలు కరిగిపోయాయి గాని రాతి గోడలు అట్లాగే నిలబడ్డాయి. ఆ గోడల సందుల్లో కొర్రమట్టలు కాపురం పెట్టాయి. మా అత్త గట్టు మీద నిలబడి నీళ్లలోకి వేలు చూపించేది.

"గదే నా వంటిల్లు. గాడ వలేస్తే ఒక్క దినం పట్టిన చేప నెల తినొచ్చు. నా పొయ్యిల కొర్రమట్టలు పిల్లలు పెడుతున్నయి, నేనేమో గీడ జెల్లలు ఏరుకుంటున్న."

ఎందుకంటే, నీళ్ల మీద చేపల హక్కంతా సర్కారు ఒక గుత్తేదారుకు ఇచ్చింది. అతను ఎక్కడినుంచో కర్రల మనుషులను తెచ్చి పెట్టాడు. మా పుట్టి పాత ఊరి వైపు పోతే చాలు, వచ్చి కత్తితో పుట్టి తోలు చీరేసేవాళ్లు. ఎదురు మాట్లాడిన మా పక్క గుడిసె ముసలాయన వేళ్లు రాయి మీద పెట్టించి ఇంకో రాయితో కొట్టారు. ఆ వేళ్లతో ఆయన మళ్లీ అన్నం కలుపుకోలేదు, కోడలు తినిపించేది. మేం ఒడ్డున మోకాళ్ల లోతులో దొరికే చిన్న చేపలతో బతికాం.

పుట్టి చూడనివాళ్లకు చెప్పాలి. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, పైన తోలు కప్పి, నీళ్లు దిగకుండా పూస్తారు. గుండ్రంగా ఉంటుంది, ముందూ వెనకా ఉండదు. గాలి కొట్టి పుట్టి ఒరిగితే లోపల ఉన్నవాళ్లంతా నడుమకు వచ్చి గొంతుక్కూర్చోవాలి. ఒక్కడు అంచుకు పోయాడా, అందరూ నీళ్లలో ఉంటారు. అందుకని మావాళ్లు పిల్లలకు పాలు మరిచిన కొన్నాళ్లకే ఈ పని నేర్పుతారు. పిల్లలను పుట్టిలో కూర్చోబెట్టి తల్లి నడుము లోతు నీళ్లలో నిలబడుతుంది. అంచు పట్టుకుని ఊపుతుంది. ఏ పిల్లవాడి చెయ్యి భయంతో అంచు మీదికి పోతే ఆ చేతి మీద తెడ్డుతో ఒక్కటి వేస్తుంది. ఏడ్చినా ఆపదు. మా ఆయన ఎడమ చేతి రెండు వేళ్లు వంకర. మా అత్త ఆ వేళ్లను అందరికీ చూపించేది.

"గా వంకర ఏళ్లే నా కొడుకును బతికిస్తున్నయి" అనేది.

కోడలినని నన్నూ వదల్లేదు. పెళ్లయిన తెల్లారే నా చేతులు వాచిపోయాయి.

ఇక నావ సంగతి. ఆ రోజు నేను ఖేడ్ అంగడిలో ఎండు చేపలు పెట్టుకుని కూర్చున్నాను. రెండు జతల ఎడ్లు కట్టిన బండి ఒకటి వచ్చింది. దాని మీద గడ్డి చుట్టి తాళ్లు బిగించిన పొడుగాటి వస్తువు. జనం మూగారు.

"ఏందిరా గది? గుర్రాలకు దాణా పెట్టే తొట్టా?"

"కాదే, పెద్ద సాబ్ తానం చేసే గోలెం."

బండివాడు తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు. "నావంట. కట్ట కాడి ఇంజనీరు సాబ్ తెప్పిచ్చుకుండు. తెడ్డు వెయ్యకున్నా గాలికే పోతదంట."

పక్కన ఉల్లిగడ్డలమ్మే ముసలమ్మ ఊరుకోలేదు. "గాలికి తిరగనీకి గంత దూరం నుంచి తెచ్చుడెందుకు బిడ్డా? మా అల్లుడున్నడు, పొద్దంత గదే పని."

నావను మా గట్టు దగ్గరే నీళ్లలోకి దింపారు. చిన్నది, ఇద్దరు కూర్చునేంత. నడుమ ఒక కొయ్య, దానికి తెల్లటి తెరచాప. అది గాలికి టపటప కొట్టుకుంటుంటే, సాబ్ దోతి ఆరేశాడని మావాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి అది దోతి నావ.

సాబ్ పడుచువాడు. సముద్రాలు దాటి చదువుకుని వచ్చాడు, ఈ నావ నడపడం అక్కడే నేర్చాడట. పట్నంలో ఫౌజు కప్తాన్ ఒకడు ఆయన దోస్తు. ఆ కప్తాన్ దగ్గరా ఇలాంటిదే నావ ఉంది. వానలు వెనకబట్టాక జిల్లా దొర తాలూక్‌దారు ముందర నావల పందెం వెయ్యాలని ఇద్దరూ అనుకున్నారు. ఒకరు చుక్కాని పట్టాలి, ఇంకొకరు ముందు కూర్చుని తాళ్లు లాగాలి. ఆ రెండో మనిషి కోసం సాబ్ తన చప్రాసిని వెంటబెట్టుకుని మా గుడిసెల దగ్గరికి వచ్చాడు. మా ఆయనను చూశాడు. సన్నగా, తాడులా ఉండేవాడు. "ఈడు చల్తా" అన్నాడు.

మా అత్త అడ్డం నిలబడింది. "నా కొడుకు వస్తే మాకేమొస్తది?"

"ఏం గావాలె?"

"నా వంటిల్లు గావాలె."

సాబ్‌కు అర్థం కాలేదు. చప్రాసి నవ్వు ఆపుకుంటూ ఉర్దూలో విడమరిచి చెప్పాడు. సాబ్ నీళ్ల వైపు చూశాడు, మా అత్త వైపు చూశాడు.

"నా నావ గెలిస్తే పాత ఊరు మీద వల మీదే. గుత్తేదారుకు నేను చెప్త. ఓడితే ఏం లేదు."

గుడిసెల్లో ఉన్నవాళ్లంతా విన్నారు. ఆ పూట నుంచి మా వాడ కడుపు మొత్తం మా ఆయన మీద పడింది.

ఆ నావలో పద్ధతి వేరు. గాలి తెరచాపను కొట్టగానే నావ ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు పైకి లేచిన పక్కకు ఎక్కి, కాళ్లు లోపల ఒక పట్టీ కింద దూర్చి, నడుము మొత్తం అంచు అవతల నీళ్ల మీదికి వేలాడేసి వెనక్కి వాలాలి. మనిషి బరువే నావను నిలబెడుతుంది. మా ఆయన మొదటి గాలికే వచ్చి నడుమ గొంతుక్కూర్చున్నాడు. నావ తిరగబడింది. సాబ్ నీళ్లు మింగి పైకి తేలి, బోర్లా పడిన నావను పట్టుకుని, దాని తాడు కొస దొరకబుచ్చుకుని మా ఆయన మెడ మీద కొట్టాడు.

"బాహర్! బాహర్ లట్కో, గధే!"

మర్నాడు మళ్లీ నడుమకే వచ్చాడు. మళ్లీ తాడు. సాబ్ ఆ తాడు కొసను ముడి వేసి ఒళ్లో పెట్టుకునేవాడు. గాలి రావడం, బయటికి వేలాడమని బాహర్ అనడం, వీపు మీద ముడి పడడం మూడూ ఒక్కసారే. ఒకరోజు తెరచాప కింద ఉండే అడ్డకొయ్య గిర్రున తిరిగి మా ఆయన దవడకు తగిలింది. పన్ను ఊడింది. ఉమ్మేసి మళ్లీ తాడు లాగాడు. అరచేతుల తోలు లేచిపోయి తాడు ఎర్రబడింది.

నేను ఆముదంలో పసుపు వేడి చేసి వీపుకు రాస్తూ అన్నాను. "పోకు ఇగ. గా నావ మన్నుల గలువ."

"పోకుంటే పాత ఊరు ఎట్లొస్తది?"

"రాకుంటే సస్తమా?"

"గీ జెల్లలు తినుకుంట గదే చేస్తున్నం గద."

మా అత్త వచ్చి కొడుకు వీపు వంగి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ముఖం చిట్లించింది.

"గా సాబ్‌కు కొట్టుడు రాదు. తప్పు చేసేది చెయ్యి, కొట్టాల్సింది చేతి మీద. ఈపుకేం తెలుస్తది?"

కానీ వీపుకు తెలిసింది. వానలు ముదిరేసరికి ఆయన ఒళ్లు మారిపోయింది. అన్నం తింటూ ఉండగా గుడిసె మీద గాలి కొడితే, కాలి వేళ్లు పొయ్యి రాళ్ల కింద దూర్చి వెనక్కి వాలిపోయేవాడు. పళ్లెం దొర్లేది. మేం పడి పడి నవ్వేవాళ్లం. అప్పుడు అది నవ్వులాటగానే ఉంది.

పందెం రోజు నీళ్లు నిండుగా ఉన్నాయి. గట్టు మీద షామియానా వేశారు. తాలూక్‌దారు, పట్నం దొరలు కుర్చీల్లో కూర్చున్నారు. మేం కిందుగా రాళ్ల మీద నిలబడ్డాం. నీళ్లలో తేలేసిన ఖాళీ పీపాలు దూరదూరంగా ఉన్నాయి. వాటిని చుట్టి రావాలి. కప్తాన్ నావలో ముందు కూర్చున్నవాడు బలమైన సిపాయి.

చివరి పీపా దగ్గర రెండు నావలూ ఒకదానికొకటి ఒరుసుకున్నాయి. సిపాయి ఒక కాలు చాపి మా ఆయన పక్కలో తన్నాడు. మా ఆయన తాడు వదల్లేదు. సిపాయి చిన్న కర్ర తీసి తాడు పట్టిన చేతి వేళ్ల మీద దబదబ కొట్టాడు. వంకర వేళ్ల మీదే కొట్టాడు. చేతులు ఖాళీగా లేవు కాబట్టి మా ఆయన వంగి వాడి మణికట్టు కరిచాడు. పట్టు వదల్లేదు. సిపాయి అరుపు గట్టు మీద మాకు వినిపించింది. అంతలోనే గాలి బలంగా కొట్టింది. సిపాయి చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు, బయటికి వాలలేకపోయాడు. కప్తాన్ నావ బోర్లా పడింది. మా ఆయన మోకాళ్ల దాకా బయటికి వాలాడు. తల వెంట్రుకలు నీళ్లను గీసుకుంటూ పోయాయి. దోతి నావ లేచి నిలబడి ఒడ్డు చేరింది.

దిగగానే సాబ్ మా ఆయన చెంప మీద కొట్టాడు. "జంగ్లీ! కాట్‌తా హై!" తర్వాత పగలబడి నవ్వాడు. దండ సాబ్ మెడలో పడింది. మా ఆయన రక్తం ఉమ్ముకుంటూ నావను ఒడ్డుకు లాగాడు. ఆ రక్తంలో సగం సిపాయిది.

సాబ్ మాట తప్పలేదు, అది చెప్పుకోవాలి. అందరి ముందూ గుత్తేదారును పిలిచి చెప్పాడు. అతను చేతులు కట్టుకుని తలూపాడు. ఆ చలికాలం మా పుట్లు పాత ఊరి మీద తిరిగాయి. మా అత్త తానే వచ్చి వల వేసింది. "గిది పటేల్ గడి. గిది మా చెల్లె ఇల్లు. ఆగు ఆగు, గాడ వేయకు, గది సంపుకతినే యాపారి ఇల్లు, గాడ చేప గూడ దొరకది" అని ఇల్లిల్లూ చెప్పింది. వాడలో ప్రతి గుడిసె ముందూ కొర్రమట్టలు ఎండాయి.

ఎండలు ముదరకముందే సాబ్‌కు బదిలీ అయింది. దోతి నావను ఒడ్డున బోర్లించి పోయాడు. వారం తిరక్కుండా గుత్తేదారు మనిషి వచ్చి మా వాడ నడుమ నిలబడ్డాడు. పొట్టిగా, మెడ లేనివాడు. ముసలాయన వేళ్లు చితగ్గొట్టింది వాడే.

"సాబ్ పోయిండు. సాబ్ మాట గూడ పోయింది. రేపటి నుంచి ఎవడన్న అటు కనిపిస్తే ఈసారి తోలు పుట్టిది గాదు, మనిషిది చీరుత."

 మా ఆయన వల భుజాన వేసుకుని చూసుకున్నాడు, ఎక్కడ చిరిగిందో.

మర్నాడు పొద్దున్నే పోయాం. మా పుట్టిలో నేనూ ఆయనా. నా చేతిలో తెడ్డు, ఆయన చేతిలో వల. వెనక కొంచెం దూరంలో వాడవాళ్ల పుట్లు. నీళ్లు తగ్గి పాత ఊరి గోడల కొసలు అక్కడక్కడా బయటపడుతున్నాయి. మబ్బు లేచింది, వడగాలి ఉండుండి విసురుతోంది. గుత్తేదారు మనుషులు కట్టె పడవ వేసుకుని ఎదురు వచ్చారు. పొట్టివాడు ముందు నిలబడ్డాడు, పొడుగు వెదురుకర్రతో.

"ఏమే, నీ మొగన్ని గా దోతి నావ మీద పొమ్మను. గీడేం పని?"

"గిది మా అత్త వంటిల్లు. నువ్వెవడివిరా ఇంట్ల జొరవడుతున్నవు?"

"వంటిల్లైతే పొయ్యేడున్నది?"

"దిగు, సూపిస్త."

వాడి వెనకవాళ్లు నవ్వారు. వాడికి అది నచ్చలేదు. వెదురుకర్రతో మా పుట్టి అంచును బలంగా కిందికి నొక్కాడు. అప్పుడే గాలి కొట్టింది. పుట్టి ఒరిగింది. నేను నడుమకు జారి గొంతుక్కూర్చున్నాను. ఆయన రావాలి. పుట్టిలో పుట్టి పెరిగిన మనిషి, ఆ వంకర వేళ్ల మనిషి రావాలి. రాలేదు. నా కళ్ల ముందే కాలి వేళ్లు పుట్టి బద్దల్లో దూర్చి, లేచిన అంచు మీద నుంచి నడుము మొత్తం బయటికి వేలాడేసి వెనక్కి వాలాడు. పొట్టివాడు కర్ర తీసేశాడు. పుట్టి అటు నుంచి ఇటు కొట్టుకుని, పళ్లెం బోర్లించినట్టు మమ్మల్ని కప్పేసింది.

నీళ్లలో వల ఆయన కాళ్లకు చుట్టుకుంది. పైకి తేలిన తలనల్లా వాళ్లు పడవ మీది నుంచి కర్రలతో కొట్టారు, కందిచేను కొట్టినట్టు. ఆయన తలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి విరిగిన చప్పుడు నాకు నీళ్ల లోపల వినిపించింది. నేను ఊపిరాడక కాళ్లు కొట్టుకుంటుంటే పాదాలకు రాయి తగిలింది. గోడ. ఎవరింటి గోడో. దాని మీద నిలబడ్డాను. నీళ్లు నా రొమ్ము దాకా వచ్చాయి.

పొట్టివాడి కర్ర నా మీదికి వచ్చినప్పుడు రెండు చేతులతో పట్టి లాగాను. నేను మునిగి ఉన్నాననుకుని వంగి ఉన్నాడు, దొర్లి నీళ్లలో పడ్డాడు. వాడికి కాలి కింద గోడ దొరకలేదు, నాకు దొరికింది. నా తెడ్డు అక్కడే తేలుతోంది. తీసుకుని వాడి నోటి మీద కొట్టాను. ముక్కు మీద కొట్టాను. చేతులు పైకెత్తితే చేతుల మీద కొట్టాను. తల పట్టుకుని నీళ్లలో తొక్కిపెట్టాను. చంపాలనే తొక్కాను. వాడు బతికాడు, అది వాడి రాత.

ఈలోగా వాడవాళ్ల పుట్లు వచ్చి పడవను చుట్టుముట్టాయి. వల గుండ్లు విసిరారు. పడవ మీదికి ఎక్కి ఒకడి చెవి కొరికారు, ఇంకొకడి మోకాలు తెడ్లతో పగలగొట్టారు. మావాళ్లలో ఒకడికి కడుపు మీద కత్తి గీసుకుపోయింది, పేగు కనిపించింది, చేత్తో పట్టుకుని మరీ కొట్టాడు. గుత్తేదారు మనుషులు పడవ వదిలేసి ఈదుకుంటూ పోయారు. పొట్టివాడు పాకుతూ ఒడ్డుకు చేరితే అక్కడ మా అత్త తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది. మిగిలింది ఆమె చూసుకుంది.

ఖేడ్ నుంచి పోలీసు అమీన్ వచ్చాడు. మగవాళ్లను వరుసగా చావడిలో కట్టేసి కొట్టించాడు. ఎవరు మొదలుపెట్టారంటే అందరూ "నేనే" అన్నారు, అందుకని అందరికీ పడ్డాయి. మా ఆయన చెయ్యికి దవాఖానలో బద్దలు కట్టారు. అది వంకరగానే అతుక్కుంది. గుత్తేదారు మళ్లీ మనుషులను పంపాలని చూశాడట గాని, ఆ నీళ్లంటే ఎవరూ కూలికి రాలేదు. తర్వాత దేశమంతా గడబిడ మొదలైంది. పాత ఊరు ఎవరిదని అడిగేవాడే లేడు. వల మాదే అయింది.

చెయ్యి కూడుకున్నాక ఆయన పుట్టి ఎక్కాడు, వాళ్లమ్మతో. చిన్న గాలికే వెనక్కి వాలాడు. ఇద్దరూ నీళ్లలో పడ్డారు. మా అత్త నెత్తి నిండా నాచుతో పైకి లేచింది. పుట్టిని నిలబెట్టి, కొడుకును లోపల కూర్చోబెట్టి, నడుము లోతు నీళ్లలో నిలబడి అంచు ఊపడం మొదలుపెట్టింది. మీసాలొచ్చిన కొడుకు, పెళ్లయిన కొడుకు.  ఆయన వెనక్కి వాలినప్పుడల్లా ఆమె కొట్టింది. చేతి మీద కొట్టింది, వీపు మీద కొట్టింది, విరిగి అతికిన చేతి మీద కూడా కొట్టింది. కొట్టి కొట్టి తనే రొప్పుతూ ఒడ్డున కూలబడింది. కొన్నాళ్లు రోజూ ఇదే. ఆ వీపు మాత్రం వినలేదు.

ఒక పొద్దున ఆమె తెడ్డు తెచ్చి నా ముందు పడేసింది.

"వాన్ని గీడ కూసోబెట్టు. వలలు అల్లుతడు. నువ్ దా."

"నలుగురు నవ్వుతరత్తా. మొగోడు గట్టు మీద, ఆడిది నీళ్లల్ల అని."

"నవ్వనీ. వంటింట్లకు ఆడిది గాక నవ్వేటోడు పోతడా?"

పోయాను. నవ్వారు. ఆ రోజంతా ఆయన గట్టు మీద నీళ్లకు వీపు పెట్టి కూర్చుని, దారం పళ్లతో పట్టుకుని వల అల్లాడు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. నేను గంప తెచ్చి ఆయన ముందు దించితే పళ్లతో దారం తెంపి వల పక్కన పెట్టాడు. తర్వాత గంపలో చెయ్యి పెట్టి అన్నిటికన్నా పెద్ద కొర్రమట్టను తీశాడు. అది చేతిలో కొట్టుకుంటుంటే రాయి మీద పెట్టి, బాగున్న చేత్తో ఒక్క దెబ్బ వేశాడు.

"రేపు జల్ది పో" అన్నాడు. "ఎండెక్కితే గోడల కిందికి దూరతయి."